కూనను తెచ్చుకునే ముందు పాలగిన్నె పక్కన పెట్టండి

విశాఖపట్నం మధురవాడలో ఐదో అంతస్తు ఫ్లాటు, ఆదివారం వస్తున్న రెండు నెలల వీధిపిల్లి కూన, ఇంట్లో ఇద్దరికీ ఉద్యోగాలు. పాలు, పెరుగన్నం పెడితే సరిపోతుందా, ఇంకేం సిద్ధం చేయాలి అని మీరు అడిగారు.

సరిపోదు. ఆవుపాలు, గేదెపాలు ఈ వయసు కూనకు సరిగా అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కిలో కూడా లేని ప్రాణి, రెండు రోజులకే ఒంట్లో నీరంతా పోయి వాలిపోతుంది. పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ అందులో టారిన్ అనే పోషకం ఉండదు. పిల్లి శరీరం దాన్ని చాలినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది నెలల తరబడి అందకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. వీధిలో పెరుగన్నం తినే పిల్లి ఎలకనో తొండనో పట్టి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఐదో అంతస్తులో ఆ వసతి లేదు కదా.

కొనడం మొదలుపెట్టే ముందు వయసు తేల్చుకోండి. ‘రెండు నెలలు’ అన్నది ఇచ్చేవాళ్ల అంచనా, చాలాసార్లు అది ఐదు వారాలే అవుతుంది. వంటింటి డిజిటల్ తూకం మీద గిన్నె పెట్టి సున్నా చేసి కూనను కూర్చోబెట్టండి. నెలకు సుమారు 450 గ్రాముల లెక్కన రెండు నెలలదైతే 800 నుంచి 900 గ్రాములు ఉండాలి. పెదవి పక్కకి లాగి చూడండి: ముందు పళ్లు, కోరలే ఉండి వెనక దవడ పళ్లు రాకపోతే ఆరు వారాలు నిండలేదు. కళ్లు ఇంకా నీలంగా ఉన్నా అంతే. అలాంటప్పుడు తల్లి దగ్గరే ఇంకో మూడు నాలుగు వారాలు ఉంచమనండి, కానీ రోజూ చేత్తో పట్టుకోమని చెప్పండి. రెండు నుంచి ఏడు వారాల మధ్య మనిషి చెయ్యి తగలని కూనను తర్వాత మచ్చిక చేసుకోవడం కష్టం.

వచ్చాక ఇల్లంతా తిరగనివ్వకండి. ఒక్క గది చాలు, వారం పది రోజులు. కూన మొదట మంచం కిందికి దూరుతుంది. చెయ్యి పెట్టి లాగారంటే ఆ భయం వారం ఉంటుంది. ఒక అట్టపెట్టెను పక్కకి పడుకోబెట్టి, పాత కాటన్ చీర మడతపెట్టి వేసి, తల్లి పడుకున్న గుడ్డముక్క దొరికితే అందులో పెట్టండి. మీరు నేల మీద కూర్చుని మీ పని చూసుకోండి, అదే వస్తుంది. తిండి, నీళ్లు ఒక మూల, మలమూత్రాలకు ఇసుక తొట్టి ఎదుటి మూల. రెండూ పక్కపక్కన పెడితే రెండింటిలో ఒకదాన్ని మానేస్తుంది, సాధారణంగా తొట్టినే.

తొట్టి అంచు ఏడు సెంటీమీటర్లకు మించకూడదు, పొట్టి కాళ్లు దాటాలి. లోపల నాలుగైదు సెంటీమీటర్ల మందాన జల్లించి కడిగి ఎండబెట్టిన నది ఇసుక గానీ, ఇసుక బదులు అమ్మే చెక్క గుళికల లిట్టర్ గానీ పోయండి. తడికి గడ్డకట్టే మట్టి లిట్టర్ ఇప్పుడే వద్దు. కూనలు దాన్ని నోట్లో పెట్టుకుంటాయి, కడుపులోనూ అది గడ్డే కడుతుంది. ఊరికే వస్తోంది కదా అని బీచ్ ఇసుక తేకండి: అందులోని ఉప్పు గాల్లో చెమ్మను పీల్చి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పైగా కుక్కలు తిరిగిన చోటు. తిన్న పది నిమిషాలకు కూనను తొట్టిలో దించితే చాలు, మిగతాది దానికే తెలుసు. మలం రోజూ తీసేయాలి. వాసన కోసమే కాదు, అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరేవాళ్లు చేయాలి.

తిండి ప్యాకెట్ మీద ‘కిట్టెన్’ అని ఉన్నదే తీసుకోండి. ఎనిమిది తొమ్మిది వందల గ్రాముల కూనకు పొడి గుళికలైతే రోజుకు 40 నుంచి 45 గ్రాములు, నాలుగు పూటలు. లేదా ఒక 85 గ్రాముల తడి తిండి పౌచ్, దాంతో 25 గ్రాముల గుళికలు. మన ఊరి ఉక్కకు విప్పిన సంచిలోని గుళికలు కొన్ని రోజుల్లోనే మెత్తబడి బూజు వాసన వస్తుంది. గట్టి మూత డబ్బాలో పోసుకోండి, చిన్న ప్యాకెట్లే కొనండి. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే కవళ్లు, నెత్తళ్లు పెట్టొచ్చా అంటే, ఉడికించి, ముల్లు తీసి, వారానికి ఒకటి రెండుసార్లు సరదాకి. పచ్చివి పెట్టకూడదు, కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఎండుచేపలు ఉప్పు మూటలు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్క ఏదీ వద్దు, రక్తకణాలు విరిగిపోతాయి. కూన పన్నెండు గంటలు ఏమీ తినకపోతే తెల్లారే దాకా ఆగకండి, డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు అసలు ప్రమాదం: మీ బాల్కనీ. గాజు తలుపు మూసే ఉంచుతాం అనుకుంటారు, బట్టలు ఆరేయడానికి ఎవరో ఒకరు తెరుస్తారు. నైలాన్ వల కట్టించండి. పావురాలకు వేసే మామూలు వల కన్ను 50 మిల్లీమీటర్లు ఉంటుంది, కూన తల అందులోంచి దూరుతుంది. 30కి లోపు కన్ను అడగండి. ఇనుప కొక్కేలు సముద్రపు గాలికి తుప్పుపట్టి ఊడిపోతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్వి వేయమని ముందే చెప్పి, బిగించేటప్పుడు పక్కన నిలబడండి. ఎక్కువసార్లు వదులయ్యేది కింది అంచే. అక్కడ జానెడుకో కొక్కెం ఉండాలి. నెలకోసారి వేళ్లతో తడిమి కొరికిన చోట్లు చూసుకోండి. ముందు వైపు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్ అయితే, వేసే ప్రతిసారీ డ్రమ్ములో చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే అందులో పడుకుంటాయి.

పూలమాల దారం, కుట్టు దారం, జుట్టు రబ్బర్లు నేల మీద ఉండకూడదు. మింగిన దారం వెనక నుంచి కొస కనిపించినా లాగకండి, పేగు కోసుకుపోతుంది. ఫినాయిల్, డెట్టాల్, కలరా ఉండలు ఆ గదిలోకి రానివ్వకండి. నేల మీద వేసింది పాదాలకు అంటి, నాకితే కడుపులోకి పోతుంది, పిల్లి కాలేయం ఫినాల్ లాంటి రసాయనాలను సరిగా విరగ్గొట్టలేదు. పారాసెటమాల్ పావు మాత్రకే ప్రాణం పోవచ్చు. కుక్కల గోమారి మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, పిల్లికి అదీ విషమే. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ కిడ్నీలను పాడుచేస్తుంది. దండల్లో గుచ్చే మన లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే మొక్క.

డాక్టరు దగ్గరికి మొదటి రెండు రోజుల్లోనే వెళ్లండి. నులిపురుగుల మందు ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. మూడు జబ్బులకు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి. రేబిస్ టీకా పన్నెండు వారాలకు. ఈ మధ్య కూన వచ్చిన ఇంట్లో గానీ మీ ఇంట్లో గానీ ఏదైనా పిల్లి వాంతులతో చనిపోయి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, పాన్‌ల్యుకోపీనియా అనే పిల్లుల జబ్బు వైరస్ ఏడాది దాకా బతికే ఉంటుంది. అలాంటి ఇంట్లో నేలను ముందు కడిగి, లీటరు నీటికి 30 మి.లీ. బ్లీచ్ ద్రవం కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. కూన మిమ్మల్ని రక్కినా కొరికినా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటిలో కడిగి, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. ఇంటి కూనే కదా అని ఊరుకోకండి.

ఇద్దరూ తొమ్మిది గంటలు బయట ఉంటారు కాబట్టి ఒక మాట. అదే కాన్పులో పుట్టిన ఇంకో కూన మిగిలి ఉంటే రెండూ తెచ్చుకోండి. ఒంటరి కూన సాయంత్రం మీ చేతుల మీదే వేట నేర్చుకుంటుంది, రెండుంటే ఒకదాన్నొకటి కొరుక్కుని, ఎంత గట్టిగా కొరకకూడదో అవే తేల్చుకుంటాయి. తొట్టెలు మాత్రం మూడు కావాలి. ఐదు నెలలు నిండేలోపే రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి, ఆడది నాలుగు నెలలకే ఎదకు రావచ్చు.