పెన్న కొలతలు తలకిందులయ్యాయా? కొట్టేయొద్దు

తమ్ముడూ, నీ ప్రాజెక్టు కోసం పెన్న ఏటిని తాడిపత్రి, జమ్మలమడుగు, పుష్పగిరి మూడుచోట్లా కొలిస్తే, పాఠం ప్రకారం దిగువకు పోయేకొద్దీ పెరగాల్సిన ప్రవాహం జమ్మలమడుగులో తగ్గిందనీ, అరిగి చిన్నవి కావాల్సిన రాళ్లు పుష్పగిరిలో పెద్దవయ్యాయనీ రాశావు. ఆ కొలతలు దిద్దొద్దు. నీ ప్రాజెక్టుకు అసలు సరుకు అదే.

పాఠంలో ఉండేది ఏడాదంతా పారే, ఆనకట్టల్లేని ఏరు. మన పెన్న అట్లా కాదు. నీ మొదటి రెండు చోట్ల నడుమ గండికోట, మైలవరం జలాశయాలున్నాయి. నీళ్లూ ఇసుకా అక్కడే ఆగుతాయి. జమ్మలమడుగులో నువ్వు కొలిచింది ఏటిని కాదు, జలాశయం గేట్లు వదిలిన నీళ్లను. ఎండిన ఇసుకలోకి ఇంకిపోయేది వేరే. ఇక పుష్పగిరికి ముందే కుందూ, పాపాఘ్ని కలుస్తాయి. అరిగిపోని కొత్త రాళ్లను ఉపనదులు మోసుకొచ్చి ఉండొచ్చు. కలయికకు కాస్త పైన, కాస్త కింద ఒకే రోజు కొలిచి చూడు, తేలిపోతుంది.

వేగం కొలవడానికి నీళ్లలో నారింజకాయ వదిలావు, మంచిదే (మా బ్యాచ్‌లో టెంకాయ వదిలితే పిల్లోళ్లు ఎత్తుకుపోయారు!). కానీ పైపొర వేగం ఎక్కువ, సగటుకు 0.85తో గుణించాలి. పది మీటర్ల దూరం పోవడానికి ఎంతసేపు పడుతుందో ఐదుసార్లు చూడు. ప్రవాహమంటే వెడల్పు, సగటు లోతు, వేగం మూడింటి లబ్ధం. వేగమొక్కటే చూసి నీళ్లు తగ్గాయనొద్దు. రాళ్లను కంటికింపైనవి ఏరకుండా, చూడకుండా చెయ్యి పెట్టి తీసుకో.

ఇసుక తవ్విన గుంతలుంటాయి, మోకాలిలోతు దాటి దిగొద్దు. గేట్లు ఎత్తుతున్నారేమో ముందే కనుక్కో.