గీత వంగలేదు, నేనే వంచాను

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ వాచీ త్రెషోల్డ్, అంటే ఒళ్లు ఎక్కువసేపు తట్టుకోగలిగే గుండె వేగం హద్దు, నిమిషానికి 174 అని చూపించిందనీ, రోజూ అక్కడే పరిగెడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. మెట్లెక్కుతుంటే కాళ్లు లాగుతున్నాయట కూడా. అది వాచీ వేసిన అంచనారా, నీ ఒంటిని అడిగి తెచ్చింది కాదు. ఒక పొద్దున ట్రాక్ మీద కాంకోని పరీక్ష చేసి ఆ హద్దు నువ్వే తేల్చుకో.

ఈ పద్ధతి ఇటలీలోని ఫెర్రారా విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఫ్రాంచెస్కో కాంకోని బృందం 210 మంది రన్నర్లను చూసి 1982లో ప్రచురించింది. వేగం పెంచుకుంటూ పోతే గుండె వేగం కూడా తిన్నగా గీత గీసినట్టు పెరుగుతుంది. ఒక చోటు దాటాక ఆ జోరు తగ్గి, గీత కాస్త వాలుతుంది. కండరాల్లో పుట్టే లాక్టేట్ అనే పదార్థం ఒళ్లు సర్దుకోగలిగిన దానికంటే ఎక్కువయ్యే హద్దు అదేనన్నారు వాళ్లు. సూది గుచ్చే పని లేదు కాబట్టి కోచ్‌లందరికీ నచ్చింది. 1984లో ఇటలీ సైకిలు వీరుడు ఫ్రాంచెస్కో మోజర్ మెక్సికో సిటీలో గంటకి 51.151 కిలోమీటర్లు సైకిలు తొక్కినప్పుడు వెనక ఉన్నదీ కాంకోనీయే. ఆ రికార్డుకి ముందు రక్తం ఎక్కించుకున్నానని మోజర్ తర్వాత ఒప్పుకున్నాడు, అప్పటికి అది నిషేధం కాదు. అందుకని ఆ ఘనతంతా గీతకి కట్టబెట్టకు.

చేసే తీరు చెబుతాను. పావుగంట మెల్లగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కించు. 400 మీటర్ల ట్రాక్ మీద మొదటి 200 మీటర్లు 72 సెకన్లలో, తర్వాత 70, ఆ తర్వాత 68... ఇలా ఆగకుండా, ఇక నా వల్ల కాదనే దాకా. ప్రతి 200 చివర ల్యాప్ నొక్కు. మణికట్టు మీద వాచీని నమ్మకు, అది ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లెక్క చూపిస్తుంది. ఛాతీకి కట్టే బెల్టే కావాలి, దాని పట్టీ నీళ్లతో తడిపి మరీ కట్టు. ఆగి నాడి పట్టుకుని లెక్కపెడదామనుకోకు. పది సెకన్లలో ఒక్కటి తప్పినా నిమిషానికి ఆరు తేడా, పైగా ఆగగానే గుండె దిగిపోతూ ఉంటుంది. ఎండెక్కాక అసలు చేయకు. ఉక్కకి అదే వేగంలో గుండె నిమిషానికి పదికి పైనే ఎక్కువ కొట్టొచ్చు.

ఇప్పుడు నేను చేసిన తప్పు విను. పీఈటీగా ఉన్నప్పుడు, జిల్లా పోటీలకి వెళ్లే ఒక కుర్రాడికి అరువు బెల్టు కట్టి ఇదే చేయించాను. గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి ప్లాస్టిక్ స్కేలు ఆనించాను. చివరి రెండు చుక్కలూ స్కేలు కిందికి జారాయి. ఇంకేముంది, దొరికేసిందనుకున్నాను! 182 అని రాసిచ్చి మూడు వారాలు అక్కడే పరిగెత్తించాను. కుర్రాడు పోటీ రోజుకి పీల్చేసినట్టు అయిపోయాడు. తర్వాత స్టాప్‌వాచ్ కాగితం తీసి చూస్తే, చివరి 200లు 48, 46 సెకన్లలో రావాల్సింది 51, 50 పట్టాయి. వాడు అలసి వేగం తప్పాడు. నేనేమో అనుకున్న వేగం దగ్గర చుక్క పెట్టాను. గీత వంగలేదు, నేనే వంచాను.

కాబట్టి పట్టిన టైమే రాయి. 720ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి, ఆ వేగం దగ్గరే చుక్క పెట్టు. వంపు కనబడకపోతే కంగారు పడకు. చాలామందికి అసలు కనబడదనీ, కనబడినా రక్తపరీక్షలో తేలిన హద్దు కంటే పైన ఉండొచ్చనీ తర్వాత పరిశోధనలు చేసినవాళ్లే చెప్పారు. అందుకే నేను దాన్ని ఒక్కదాన్నే నమ్మను. నాలుగైదు రోజులు ఆగి, ఒంటరిగా అరగంట పరిగెత్తు. మొదట్లో దూకకుండా, చివరిదాకా ఒకే తీరున నిలబెట్టుకోగలిగినంత గట్టిగా. పది నిమిషాలకి ల్యాప్ నొక్కి, మిగిలిన ఇరవై నిమిషాల సగటు గుండె వేగం చూడు. నా లెక్కలో అదే ఎక్కువ పనికొస్తుంది. గ్రాఫ్ అంకె దానికంటే బాగా పైనుంటే గ్రాఫ్‌ని పక్కన పెట్టేయ్. ఈ లోపు రోజువారీ పరుగు మాత్రం పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగానే ఉండాలి.

మీ నాన్న కూడా నీతో చేస్తానంటున్నాడట. వద్దను. వాడు వేసుకునే బీపీ మాత్ర గుండెను పైకి ఎక్కనివ్వదు, వాడి అంకెలు మనకి ఎందుకూ పనికిరావు. డాక్టర్ని అడక్కుండా ఆయాసం వచ్చేదాకా పరిగెత్తడం వాడికి అసలు మంచిది కాదు. నీక్కూడా జ్వరం వచ్చి తగ్గిన వారంలో, నిద్ర లేని మర్నాడు ఈ పరీక్ష వద్దు.

అయ్యాక టైములూ, గుండె అంకెలూ మాత్రమే ఫోన్లో పంపు. యాప్ గీసిన బొమ్మ పంపకు, వంపు ఎక్కడ కనిపించిందో కూడా చెప్పకు. నేను ఇక్కడ గ్రాఫ్ కాగితం మీద విడిగా చూస్తాను. ఇద్దరి వేలూ ఒకే చోట పడితే అప్పుడు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
పెదనాన్న