రెక్కలున్నా ఎర్రచందనం కాయ చెట్టు కిందే ఎందుకు పడుతుంది?

ఉదయగిరి దగ్గర మీ తోట గట్టున నెమలినార, ఎర్రచందనం పక్కపక్కనే ఉన్నాయన్నారు. నెమలినార మొక్కలు అవతలి చేలల్లో కూడా లేస్తున్నాయి, ఎర్రచందనం కాయలేమో చాలావరకు చెట్టు చుట్టూనే రాలుతున్నాయి, రెండింటికీ రెక్కలున్నప్పుడు ఈ తేడా ఏంటని మీ ప్రశ్న.

రెక్క కాయను పైకి లేపదండీ. కిందపడటాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ కాస్త ఆలస్యంలోనే గాలి దాన్ని పక్కకు మోసుకుపోతుంది. కాయ ఉన్న ఎత్తును అది దిగే వేగంతో భాగించి, గాలి వేగంతో హెచ్చవేస్తే దూరం సుమారుగా తేలుతుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 1 మీటరు చొప్పున దిగే కాయ, గంటకు 18 కిలోమీటర్ల గాలిలో (సెకనుకు 5 మీటర్లు) 50 మీటర్లు పోతుంది. సెకనుకు 2 మీటర్లు దిగేదైతే 25 మీటర్లే.

దిగే వేగాన్ని తేల్చేది బరువుకూ రెక్క వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి. రెక్క అంతే ఉండి బరువు నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది. నెమలినార కాయ ఎండాక కాగితం బిళ్ళే, నడుమ చిన్న గింజ. ఎర్రచందనం కాయ అంతకన్నా పెద్దది, 4-5 సెంటీమీటర్లు ఉంటుంది. కానీ నడుమ భాగం చెక్కలా గట్టిది, చుట్టూ ఉన్న రెక్క కూడా మందం. వైశాల్యం పెరిగినదానికన్నా బరువు ఎక్కువ పెరిగింది. మీ తేడా అంతా అక్కడే ఉంది.

ఇక ఆకారం. ఈ రెండూ బిళ్ళలే, బరువు నడుమ ఉంటుంది. అందుకని ఊగుతూ, పల్టీలు కొడుతూ దిగుతాయి. రాతి గుట్టల మీది తణుకు మాను కాయ తీరు వేరు. గింజ ఒక కొసన, దాని మీద రెండు పొడుగాటి రెక్కలు. బరువు కిందికి లాగితే రెక్కలు ఏటవాలుగా గాలిని కోసి ఫ్యానులా తిరుగుతాయి. తిరగడం మొదలయ్యాక అది రెండు సన్నని రెక్కలు కాదు, గాలి దృష్టిలో దాదాపు ఒక చక్రం. మనదగ్గర లేని మేపుల్ చెట్టు ఒంటిరెక్క గింజల మీద 2009లో వెలువడిన పరిశోధనలో, తిరిగే రెక్క ముందంచు మీద చిన్న సుడి ఏర్పడి గింజను ఇంకాస్త ఆపుతుందని తేలింది.

మద్ది కాయకు ఐదు రెక్కలున్నాయి కదా అని దాన్ని ఈ లెక్కలో వేయకండి. బరువెక్కువ, ఎగిరేది తక్కువ. వాగు ఒడ్డు తెల్లమద్దికి ఆ రెక్కలు నీళ్ళలో తేలడానికే ఎక్కువ పనికొస్తాయి.

చెట్టు ఎంచుకునే సమయం కూడా చిన్న విషయం కాదు. నెమలినార, తణుకు కాయలు ఎండలు ముదిరే నెలల్లో, కొమ్మల మీద ఆకు లేనప్పుడు పండుతాయి. అడ్డం ఉండదు. పైగా ఎండిన తొడిమె నిలకడ గాలికి తెగదు, విసురు గాలికే తెగుతుంది. అంటే కాయ బయల్దేరేదే మంచి గాలిలో.

ఇంట్లో పరీక్షించాలంటే బాగా ఎండిన కాయలు రకానికి పది తీసుకోండి. ఫ్యాను ఆపి, గాలి లేని చోట 6 మీటర్ల ఎత్తు నుంచి వదలండి, విసరొద్దు. ఫోన్‌లో సమయం చూసి సగటు తీయండి. రెక్కలు కత్తిరించిన గట్టి గింజ 1.1 సెకన్లకు అటూఇటూగా నేలకొస్తుంది. పచ్చికాయలైతే తేమ బరువుకు లెక్క చెడుతుంది. తణుకు కాయను బల్ల ఎత్తు నుంచి వదిలి తిరగలేదనకండి, తిరుగుడు అందుకోవడానికి ముందు కాస్త దూరం రాయిలాగే పడుతుంది.

ఎర్రచందనం నారు పోసుకోవాలంటే సొంత చెట్టు కాయలే ఏరుకోండి, రిజర్వు అడవిలోవి ముట్టొద్దు. కాయ దానంతట అది పగలదు. రెక్క అంచులు కత్తిరించి, రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి విత్తండి. రెక్కతోనే వేస్తే అది మట్టిలో అడ్డంపడి కాయకు తడి సమంగా అందదు, మొలక ఒకటి ముందు, ఒకటి వెనక వస్తుంది. కోస్తాలో సరుగుడు నారుమడి వేసేవాళ్ళ కష్టం దీనికి తలకిందులు: ఆ గింజ రెక్క ఎంత తేలికంటే ఇసుక కలపకుండా చల్లితే మడి దాటి పోతుంది, మిగిలింది చీమలు మోస్తాయి.