పులా చేతికొచ్చే ముందు ఒక మాట

నాయనా,

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు, భలే సంతోషం. అక్కడి డబ్బు సంగతేంది పెద్దనాయనా, ఇంటికెట్లా పంపేది అని మెసేజ్ పెట్టినావు కదా, ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తాండా.

అక్కడి డబ్బు పేరు పులా. పులా అంటే పూలు కాదురా, వాళ్ళ సెట్స్వానా భాషలో వాన. దేశంలో ఎక్కువ భాగం కలహారి ఎడారే, అందుకే డబ్బుకి వాన పేరు పెట్టుకున్నారు, అనంతపురంలో పుట్టినోనికి ఇది విడమర్చి చెప్పాల్నా? మీటింగుల్లో కూడా జనం పులా, పులా అని అరుస్తారు, మొదటిసారి విని జీతాలు పెంచమంటున్నారేమో అనుకున్నా. చిల్లర తేబే, నూరు తేబేలు ఒక పులా. 1966లో స్వాతంత్ర్యం వచ్చినా పదేండ్లు సౌతాఫ్రికా రాండే వాడినారు, 1976 ఆగస్టు 23న సొంత డబ్బు తెచ్చుకున్నారు.

ఇక్కడ పులా కోసం తిరగొద్దు, డాలర్లు తీసుకపోయి అక్కడ మార్చుకో. మొదట్లో ప్రతిదాన్నీ రూపాయల్లోకి గుణించి చూస్తావు, నేనూ చేసినా, టమాటా రేటు చూసి చారు మానేసినా కొన్నాళ్ళు. జీతం పులాలో వచ్చేటప్పుడు ఖర్చు కూడా పులాలోనే లెక్కేసుకో.

అసలు చెప్పాల్సింది ఇది. రేటు పెరుగుతుంది, అప్పుడు ఒకేసారి పంపుదాం అని దాచిపెట్టుకోవద్దు. నేనట్లే రెండేండ్ల మిగులు బ్యాంకులో పెట్టుకొని కూర్చున్నా, 2005 మేలో వాళ్ళ సర్కారు ఒక్కసారిగా పులా విలువ 12 శాతం తగ్గించింది, బోరు వేయిద్దామనుకున్న డబ్బు రాత్రికి రాత్రి కరిగిపాయ, మీ పెద్దమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. పులాని రాండుతోనూ ఐఎమ్మెఫ్ వాళ్ళు డాలరు, యూరో లాంటి పెద్ద డబ్బులన్నీ కలిపి లెక్కగట్టే ఎస్‌డీఆర్‌తోనూ ముడేసినారు, అందుకే రాండు పడితే డాలరు ముందర ఇదీ దిగుతుంది. దానికి తోడు ఆ దేశానికి డాలర్లు తెచ్చేది ఎక్కువగా వజ్రాలే, జ్వానెంగ్, ఒరాపా గనుల్లోంచి, ఈమధ్య వజ్రాల గిరాకీ పడిపోయి వాళ్ళకి గడ్డుగానే ఉంది. కాబట్టి ఇంటికి పంపేది ఏ నెలకి ఆ నెల పంపు. 1999లోనే విదేశీ మారకం ఆంక్షలు ఎత్తేసినారు, కాబట్టి పంపడానికి అడ్డమేం లేదు, బ్యాంకోళ్ళు అడిగే పేస్లిప్పూ వర్క్ పర్మిటూ దగ్గర పెట్టుకుంటే చాలు. ఫీజు ఒక్కటే చూసి మోసపోవద్దు, చేతికి ఎన్ని రూపాయలు వస్తాయో అది అడుగు.

సౌతాఫ్రికాలో ఉండే జొహానెస్‌బర్గ్‌కి షాపింగ్ పోతారు అందరూ, వారంలోనే పోతావు నువ్వు కూడా. ఎంత కావాలో అంతే రాండులు మార్చు, మిగిలినవి మళ్ళీ పులా చేస్తే రెండుసార్లు కోత. కాంబీ, అంటే అక్కడి షేర్ వ్యాను, ఎక్కేటప్పుడు చిల్లర పెట్టుకో, పొద్దున్నే నూరు నోటు ఇస్తే డ్రైవరు చూసే చూపు నాకింకా గుర్తు.

తిరిగొచ్చేటప్పుడు మిగిలిన నోట్లు అక్కడే మార్చేసుకో. నేను తెచ్చినవి ఇక్కడ ఎవ్వరూ తీసుకోల, ఇంకా బీరువాలోనే ఉన్నాయి, పోయే ముందు ఒకసారి ఇంటికి రా చూపిస్తా.

మీ పెద్దనాయన