విశాఖ విమానాశ్రయం నుంచి క్రూయిజ్ టెర్మినల్‌కు తక్కువ ఖర్చుతో ఎలా చేరాలి?

మీరు అడిగినది ఇది: మీరూ మీ వారూ, మీ అత్తగారూ మామగారూ హైదరాబాదు నుంచి ఉదయం విమానంలో విశాఖపట్నం వచ్చి, అదే రోజు మధ్యాహ్నం చెన్నై వెళ్లే ఓడ ఎక్కాలి. పెద్ద పెట్టెలు రెండు, చేతిసంచులు మూడు ఉన్నాయి. ట్యాక్సీకి పదిహేను వందల దాకా అవుతుందని ఎవరో చెప్పారు కనుక సిటీ బస్సులో వెళ్లవచ్చా, వెళితే ఏ దారిన వెళ్లాలి అన్నది మీ సందేహం.

నేను మర్రిపాలెంలో ఉంటాను. నిరుడు జూలైలో మా అక్కా బావా ఇద్దరు పిల్లలతో ఇలాగే విమానం దిగి ఓడ ఎక్కినప్పుడు వారిని దగ్గరుండి పంపించింది నేనే. ఆ తర్వాత అక్టోబరులో మా పిన్ని విమానంలో వచ్చినప్పుడు, ఆవిడ ఇల్లు టెర్మినల్ వైపే, పాతనగరంలో పాత పోస్టాఫీసు దగ్గర కనుక, అమ్మా నేనూ వెళ్లి ఆవిడను బస్సులోనూ ఆటోలోనూ ఇంటికి చేర్చాము. ఆ రెండు ప్రయాణాల అనుభవంతో చెబుతున్నాను: మీ నలుగురికీ బస్సు వద్దు, పదిహేను వందలూ వద్దు. యాప్‌లో పిలిచిన ఒక కారు చాలు. మనిషికి నూట పాతిక రూపాయలు, కొంచెం అటూ ఇటూగా పడుతుంది. ఒక్కరో ఇద్దరో తేలికైన సామానుతో వచ్చినప్పుడు మాత్రం బస్సు దారి నిజంగా చవక, దాని సంగతి కూడా కింద వివరంగా రాస్తున్నాను.

ధరల కంటే ముందు చిరునామా సంగతి చెప్పాలి, ఎందుకంటే మాకు డబ్బూ సమయమూ పోయింది అక్కడే. విశాఖలో “పోర్టుకు పోనివ్వు” అంటే డ్రైవరుకు ముందుగా గుర్తొచ్చేది ఇన్నర్ హార్బర్ వైపు ఉన్న పోర్టు పాత గేటు. అండమాన్ ఓడలు ఎక్కేవారు ఏళ్ల తరబడి వెళుతున్నది ఆ వైపే. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఇక్కడి నుంచి దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం, ఆ ఓడ గురించి నగరంలో తెలియనివారు ఉండరు. మీరు వెళ్లవలసిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ వేరు. అది ఔటర్ హార్బర్‌లో, అంటే సముద్రం వైపు ఉన్న బయటి రేవులో, ఓడలు ఆగే గ్రీన్ చానల్ బెర్తు దగ్గర కట్టినది. 2023 సెప్టెంబరు 4న అప్పటి కేంద్ర నౌకాయాన మంత్రి సర్బానంద సోనోవాల్ దానిని ప్రారంభించారు. దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన పెద్ద భవనమే అయినా, ఓడ వచ్చే రోజులు ఏడాదిలో కొద్దిగానే ఉండడం వల్ల చాలామంది డ్రైవర్లు ఒక్కసారి కూడా అటు వెళ్లి ఉండరు. ఆ గేటు దాకా సిటీ బస్సు కూడా లేదు.

మా అక్కావాళ్లను ఎక్కించిన ట్యాక్సీ డ్రైవరు వయసులో పెద్దవాడు, మర్యాదస్తుడు, నగరం అంతా తెలిసినవాడు. “పోర్టే కదండీ, నాకు తెలుసు” అన్నాడు, మేమూ నమ్మాము. అతను సరాసరి పాత గేటు దగ్గరికి తీసుకెళ్లి ఆపాడు. గేటు దగ్గర ఉన్న సీఐఎస్ఎఫ్ జవాను మా బావ ఫోనులోని టిక్కెట్టును పైకీ కిందికీ జరిపి చూసి, ఇది ఇక్కడ కాదు, ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లండి అన్నాడు. అప్పటికే డిక్కీలోంచి పెట్టెలు దించేశాము. ముసురు పట్టిన రోజు. రోడ్డు పక్కన బొగ్గు పొడి కలిసిన నల్లటి బురద. మా అక్క పెట్టె చక్రాలు రెండూ అందులో దిగబడి, ఆ నలుపు ఓడలో గది దాకా వెళ్లిందని తర్వాత ఫోనులో చెప్పింది. మళ్లీ పెట్టెలు ఎక్కించి, పాతనగరం ఇరుకు రోడ్లలో లారీల వెనక తిరిగి సరైన చోటికి చేరేసరికి నలభై నిమిషాలు గడిచాయి, మాట్లాడుకున్న ధర మీద మరో రెండు వందలు ఇవ్వవలసి వచ్చింది. అందుకని కారు ఎక్కేటప్పుడే “క్రూయిజ్ టెర్మినల్, ఫిషింగ్ హార్బర్ దగ్గర, సీ హార్స్ జంక్షన్ వైపు” అని మూడు గుర్తులూ కలిపి చెప్పండి. యాప్‌లో గమ్యం రాసేటప్పుడు ఒట్టి “విశాఖపట్నం పోర్టు” అని రాయకుండా టెర్మినల్ పేరు పూర్తిగా రాసి, మ్యాపులో గుర్తు సముద్రం వైపు పడిందో లేదో చూసుకోండి. ఓడ కంపెనీ పంపిన కాగితంలో ఏ గేటు నుంచి రావాలో రాసి ఉంటే ఆ మాటే అంతిమం. లేకపోతే ముందురోజే వారికి ఫోను చేసి గేటు పేరు అడిగి రాసుకోండి.

ఇక దూరం. విమానాశ్రయం నగరానికి పడమటి వైపు, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు కూడలికీ గాజువాకకూ నడుమ, జాతీయ రహదారి పక్కన ఉంది. అది నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలో పౌర విమానాలకు ఇచ్చిన భాగం. ఓడ ఎక్కే చోటు నగరానికి తూర్పు కొసన సముద్రం ఒడ్డున ఉంది. రెంటికీ మధ్య ఇంచుమించు 15 కిలోమీటర్లు. ఎన్‌ఏడీ, కంచరపాలెం, రైల్వే స్టేషన్ మీదుగా పాతనగరంలోకి వచ్చే దారి ఒకటి. షీలానగర్ దగ్గర మొదలై కాన్వెంట్ జంక్షన్ దాకా వచ్చే పోర్టు రోడ్డు మరొకటి. అది 12 కిలోమీటర్లకు పైగా పొడవున్న నాలుగు వరసల రోడ్డు, సరుకు లారీల కోసం వేసినది. రెండవ దారిలో సిగ్నళ్లు తక్కువ, లారీలు ఎక్కువ. డ్రైవరు అటు తిప్పితే చుట్టుదారిన తీసుకెళుతున్నాడని కంగారు పడకండి; కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు బారులు తీరి లేనప్పుడు అదే త్వరగా చేరుస్తుంది. మూడవదిగా జగదాంబ, బీచ్ రోడ్డు, కోస్టల్ బ్యాటరీ మీదుగా కూడా ఫిషింగ్ హార్బర్ చేరవచ్చు, అయితే తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం బీచ్ రోడ్డులో కొంతమేర వాహనాలు ఆపుతారు కనుక ఆ వేళలో దాని మీద ఆధారపడవద్దు.

విమానాశ్రయం తలుపు దాటగానే మీ చుట్టూ చేరి ట్యాక్సీ కావాలా అని అడిగేవారితో బేరం మొదలుపెట్టకండి. మా బావను ఒకాయన మొదట పదకొండు వందలు అడిగాడు, నేను తెలుగులో మాట్లాడేసరికి ఎనిమిది వందలన్నాడు. మేము చివరికి ఏడు వందలకు ఒప్పుకున్నాము, అదీ ఎక్కువేనని తర్వాత తెలిసింది. ఎందుకంటే అక్టోబరులో విమానాశ్రయంలో నిలబడి పాతనగరానికి ఓలా, ఉబర్, ర్యాపిడో మూడూ తెరిచి చూస్తే కారుకు 380 నుంచి 450 వరకు చూపించింది. వర్షం పడుతున్నప్పుడూ, రెండు మూడు విమానాలు ఒకేసారి దిగినప్పుడూ ఆ అంకె పెరుగుతుంది. పెరిగినట్టు కనిపిస్తే పెద్దవారిని లోపల కుర్చీలలో కూర్చోబెట్టి, పెట్టెలు వచ్చాక కూడా ఒక పావుగంట ఆగి మళ్లీ చూడండి. ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటరు ధర యాప్ కంటే ఎక్కువే అయినా, అది రసీదు మీద రాసిన ధర, దారిలో మారదు. ఫోనులో ఈ యాపులు వాడడం అలవాటు లేని పెద్దవారు ఒంటరిగా వస్తే నేను దానినే ఎంచుకోమంటాను.

మీరు నలుగురు, పెట్టెలు రెండు పెద్దవి. చిన్న కారు పిలిస్తే డిక్కీలో ఒక పెట్టె పట్టి రెండవది ఒళ్లో పెట్టుకోవలసి వస్తుంది, ముఖ్యంగా గ్యాసు సిలిండరు బిగించిన కారు అయితే. అరవై, డెబ్బై రూపాయలు ఎక్కువైనా సెడాన్ పిలవండి. అందరికీ కలిపి ఐదు వందలు, కొంచెం అటూ ఇటూగా అయిపోతుంది. అదే నలుగురూ బస్సెక్కి, మళ్లీ ఆటో ఎక్కితే ఆదా అయ్యేది మహా అయితే మూడు వందలు. దానికి మీ మామగారు పెట్టె పట్టుకుని బస్సు మెట్లు ఎక్కి దిగవలసి వస్తుంది. ఓడ ఎక్కే రోజున ఆ శ్రమ తగదని నా అభిప్రాయం.

ఇప్పుడు బస్సు దారి. విమానాశ్రయం భవనం నుంచి జాతీయ రహదారి దాకా నడవాలి. సామాను వీపు సంచి ఒక్కటే అయితే కష్టమనిపించదు, చక్రాల పెట్టెతో ఎండలో అయితే కష్టమే. రోడ్డు మీదికి వచ్చాక దిశ చూసుకోండి: ఎన్‌ఏడీ వైపు వెళ్లే బస్సు ఎక్కాలి, గాజువాక వైపు వెళ్లేది ఎక్కితే నగరానికి దూరమవుతారు. బోర్డు మీద ఆర్టీసీ కాంప్లెక్స్ (నగరంలోని ప్రధాన బస్టాండు) అని ఉన్నది మీకు పనికివస్తుంది. 38 నంబరు అటువంటిదే. ఒకే నంబరు పక్కన అక్షరాలు చేర్చి వేర్వేరు దారులలో నడిపే బస్సులున్నాయి, అందుకే నంబరు కనబడినా కాలు పైన పెట్టేముందు “కాంప్లెక్స్ వెళ్తుందా అండీ” అని కండక్టరును అడగడం మంచిది. కాంప్లెక్స్ నుంచి జగదాంబ, పూర్ణా మార్కెట్ మీదుగా పాతనగరం వెళ్లే బస్సులు దొరుకుతాయి. వాటి బోర్డు మీద “ఓ.హెచ్.పి.ఓ.” అని ఉంటుంది, కొత్తవారికి అర్థం కాదు కానీ అది పాత హెడ్ పోస్టాఫీసు. అక్కడ దిగితే టెర్మినల్ వైపు మిగిలేది కొద్ది దూరమే, ఆటోకు యాభై, అరవైకి మించి ఇవ్వనక్కరలేదు. రెండు బస్సులు మారడం ఇష్టం లేకపోతే కాంప్లెక్స్ నుంచే ఆటో మాట్లాడుకోండి, నూరు నుంచి నూట యాభై.

అక్టోబరులో మాకు అయిన ఖర్చు చెబుతాను. నా టిక్కెట్టు రెండు బస్సులకూ కలిపి నలభై రూపాయలు. అమ్మకూ పిన్నికీ సున్నా. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో కూడా మహిళలకు టిక్కెట్టు డబ్బు తీసుకోవడం లేదు. కండక్టరు అమ్మ ఆధార్ కార్డు చూసి సున్నా విలువ రాసిన టిక్కెట్టు చించి ఇచ్చాడు, అమ్మ దానిని ఇప్పటికీ పర్సులో దాచుకుంది. ఈ సౌకర్యం ఆంధ్రప్రదేశ్ నివాసులకు మాత్రమే. మీ గుర్తింపు కార్డులో హైదరాబాదు చిరునామా ఉంటే మీరు టిక్కెట్టు కొనవలసిందే. పట్టిన సమయం, నడకతో సహా, గంటా నలభై నిమిషాలు. కారులో అయితే నలభై, యాభై నిమిషాల పని.

టెర్మినల్ దగ్గర మా ట్యాక్సీని ఆపిన చోటుకూ లోపలి తలుపుకూ మధ్య కొంత నడక ఉంది. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పి ఉంటే చక్రాల కుర్చీ కావాలని ఓడ కంపెనీకి ముందే చెప్పి ఉంచండి. గుర్తింపు కార్డులూ టిక్కెట్ల ప్రతులూ పెట్టె అడుగున కాకుండా చేతిలో ఉండాలి, గేటు దగ్గరే చూపించమంటారు. ఓడ బయలుదేరే సమయానికి చాలా ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు కనుక టిక్కెట్టులో రాసిన చివరి సమయం చూసి, దానికి రెండు గంటలు ముందు టెర్మినల్ చేరేలా లెక్క వేసుకోండి. విమానం గంట ఆలస్యమైనా అప్పుడు నిబ్బరంగా ఉండవచ్చు.

మీ విమానం టిక్కెట్టులో దిగే చోటు ఏదో కూడా ఒకసారి చూడండి. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన కొత్త విమానాశ్రయం నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. మీ విమానం అక్కడ దిగేదైతే పైన రాసిన ధరలూ సమయాలూ వర్తించవు. తగరపువలస, ఆనందపురం, మధురవాడ మీదుగా నగరంలోకి రావాలి, దారికే గంటన్నర పట్టవచ్చు.

తిరుగు ప్రయాణంలో మీరు విశాఖలోనే ఓడ దిగేటట్లయితే ఒక జాగ్రత్త అవసరం. ఓడ ఆగగానే వందలమంది ఒకేసారి బయటికి వస్తారు, అందరూ ఒకే గేటు దగ్గర నిలబడి ఒకేసారి ఫోనులు తీస్తారు. మా అక్కావాళ్లు తిరిగి వచ్చినప్పుడు గేటు దగ్గర కారుకు 900 పైన చూపించింది. బావ పెట్టెలతో అక్కడే ఉంటే, నేను సీ హార్స్ జంక్షన్ దాకా నడిచి వచ్చి, ఖాళీగా వెళుతున్న ఆటోను ఆపి 120కి రైల్వే స్టేషన్‌కు మాట్లాడి వెనక్కి తీసుకెళ్లాను. నలుగురూ పెట్టెలూ సర్దుకుంటే నేను వెనక బస్సులో వచ్చాను. స్టేషన్ ముందు నుంచి విమానాశ్రయానికి యాప్‌లో కారు 290కి దొరికింది. మొత్తం 410. దిగిన వెంటనే పరుగెత్తవలసిన విమానం లేకపోతే, టెర్మినల్ లోపలే అరగంట కూర్చుని రద్దీ తగ్గాక బయటికి వచ్చినా గేటు దగ్గరి ధర దిగుతుంది.