నగా నట్రా: పాత నగకి వయసెంత, పుట్టిల్లెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న, మా ఇంట్లో నగ ఎన్నేళ్ళది, ఎక్కడిది అని. ఫోటోలు పంపిన వాళ్ళందరూ ముందువైపే తీసి పంపారు, నాకు కావాల్సింది వెనకవైపు అండీ బాబూ. కంసాలి ముందువైపు మనకోసం చేస్తాడు, వెనకవైపు తన అలవాటు ప్రకారం చేస్తాడు, వయసు దొరికేది అక్కడే. సరే, కొన్ని తీసుకుంటున్నా.

ప్రశ్న: మా నాయనమ్మ వాళ్ళ అమ్మ నుంచి వస్తున్న కాసులపేరు ఒకటి ఉంది. విజయనగర రాజుల కాలంది, అయిదొందల ఏళ్ళది అని ఇంట్లో అందరూ అంటారు. కాసుల మీద ఒకవైపు రాణి బొమ్మ, ఇంకోవైపు గుర్రం మీద మనిషి, మధ్యమధ్యలో లక్ష్మీదేవి కాసులు. నిజంగా అంత పాతదేనా? – పాఠకురాలు, తెనాలి

అమ్మా, ఆ రాణి విక్టోరియా, గుర్రం మీదాయన డ్రాగన్‌ని పొడుస్తున్న సెయింట్ జార్జి, అవి సావరిన్లు అనే ఇంగ్లీషు బంగారు నాణేలు. కాబట్టి విజయనగరం ఊసు వదిలేయండి, కంగారేం లేదు, బంగారం ఎక్కడికీ పోలేదు, వయసే కాస్త తగ్గింది.

విక్టోరియా పాలన మొదట్లో సావరిన్ వెనకవైపు డాలు బొమ్మ ఉండేది, గుర్రం బొమ్మ మళ్ళీ వచ్చింది 1871లో. అంటే ఒకవైపు ఆవిడ, ఇంకోవైపు గుర్రం ఉన్న కాసు ఏదైనా సరే 1871కి ముందుది అయ్యే ఛాన్సే లేదు. ఇప్పుడు భూతద్దం పెట్టి చూడండి. రాణి పడుచు వయసులో, జుట్టు వెనక్కి ముడేసుకుని ఉంటే 1887 లోపు. నెత్తి మీద బుల్లి కిరీటం ఉంటే 1887 నుంచి 1893. ముసుగేసుకున్న పెద్దావిడ అయితే 1893 నుంచి 1901. అసలు ఇంత కష్టం కూడా అక్కర్లేదు, గుర్రం కింద నేల గీత ఉంటుంది, దాని కింద సంవత్సరమే అచ్చేసి ఉంటుంది, మెడకి రాసుకుని రాసుకుని అరిగిపోతే తప్ప చదవొచ్చు. ఒక్కోసారి ఆ గీత మీద గానీ, పడుచు రాణి బొమ్మ అయితే మెడ కింద గానీ, చిన్న ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. ఎస్ అంటే సిడ్నీ, ఎం అంటే మెల్‌బోర్న్, పి అంటే పెర్త్, అంటే మీ తెనాలి కాసు ఆస్ట్రేలియాలో పుట్టిందన్నమాట! ఐ ఉంటే బొంబాయిలో కొట్టింది, అది మాత్రం 1918 ఒక్క సంవత్సరమే కొట్టారు, దాని మీద రాణి ఉండదు, అయిదో జార్జి ఉంటాడు.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది అన్నిటికంటే పాత కాసు చూసుకుని మురిసిపోతారు, చూడాల్సింది అన్నిటికంటే కొత్త కాసుని. 1872ది ఒకటి, 1911ది ఒకటి ఉన్నాయనుకోండి, కాసులపేరు ఇప్పుడున్న రూపంలోకి వచ్చింది 1911లోనో ఆ తర్వాతో. కాకపోతే మన ఇళ్ళల్లో చేతిలో డబ్బాడితే రెండు కాసులు కలపడం, కష్టమొస్తే రెండు తీసి అమ్మడం మామూలే కదా, అందుకని కాసుల పైన ఉన్న రింగులు చూడండి. అన్నీ ఒకే మందం, ఒకే రకం టంకం, ఒకేలాంటి అరుగుదల ఉంటే ఒకే కంసాలి ఒకేసారి చేసినట్టు. నాలుగు రింగులు మాత్రం పదునుగా, కొత్తగా ఉంటే అవి తర్వాత చేరినవి, వాటిని పక్కన పెట్టి లెక్క వేయండి. లక్ష్మీ కాసుల్ని మాత్రం నమ్ముకోకండి, అవి కంసాలి అచ్చు మీద కొట్టినవి, ఆ అచ్చులు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి, ఇప్పటికీ కొడుతున్నారు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. బంగారం షాపుల్లో ప్యూరిటీ చూసే ఎక్స్‌ఆర్ఎఫ్ మెషిన్ ఉంటుంది, నగకి ఏమీ కాదు. కాసు మధ్యలో కాదు, టంకం పెట్టిన చోట చూడమని అడగండి. అక్కడ కాడ్మియం కనిపిస్తే, అదే మనవాళ్ళు కేడీఎం అంటారే అది, ఆ అతుకు మీ అమ్మగారి తరంలోనో మీ తరంలోనో వేయించిందే, నాయనమ్మ గారి అమ్మ నాటిది కాదు.

ప్రశ్న: ఒకాయన దగ్గర నెక్లెస్ బేరం చేస్తున్నా. నిజాం గారిది, గోల్కొండ వజ్రాలు అంటున్నాడు. ల్యాబ్ కాగితం మీద "టైప్ టూ ఏ" అని ఉంది, అదే గోల్కొండకి సాక్ష్యం అంటున్నాడు. నమ్మొచ్చా? – పాఠకుడు, హైదరాబాద్

కాగితం నిజమే చెప్తుండొచ్చు, దానికి ఆయన చెప్పే అర్థమే తప్పు. టైప్ టూ ఏ అంటే నైట్రోజన్ దాదాపు లేని వజ్రం, నీళ్ళంత తేటగా ఉంటుంది. పేరున్న గోల్కొండ వజ్రాలు చాలా ఆ రకమే, ఒప్పుకుంటా. కానీ 1905లో సౌతాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కల్లినన్ కూడా ఆ రకమే. ఇంకా దారుణం ఏంటంటే ఇప్పుడు ల్యాబ్‌లో వాయువుల నుంచి, సీవీడీ అనే పద్ధతిలో పెంచుతున్న వజ్రాలు కూడా ఎక్కువ భాగం టైప్ టూ ఏ నే! కాబట్టి ముందు ఆ కాగితం మీద సహజం అని ఉందో లేదో చూడండి, గోల్కొండ సంగతి తర్వాత.

అన్నట్టు గోల్కొండలో గనుల్లేవు, అక్కడున్నది కోట, వ్యాపారం. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి, ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

నిజాం దగ్గరుంది కాబట్టి గోల్కొండదే అనే లాజిక్ కూడా నిలబడదు. జాకబ్ డైమండ్ సంగతే చూడండి, దాదాపు 185 క్యారెట్లు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1891లో జాకబ్ అనే వ్యాపారి దగ్గర బేరం చేస్తే అది కలకత్తా హైకోర్టు దాకా పోయింది, తర్వాత ఏడో నిజాం దాన్ని తండ్రి గారి బూటు ముందు భాగంలో చూసి పేపర్‌వెయిట్‌గా వాడాడని చెప్పుకుంటారు. హైదరాబాద్ అనగానే అందరూ తల్చుకునే ఆ వజ్రం పుట్టింది సౌతాఫ్రికాలో. పచ్చల కథ ఇంకా బాగుంటుంది. నిజాం ఖజానా నుంచి వచ్చిన కొన్ని పచ్చల్లో ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే వేర్వేరు బరువుల ఆక్సిజన్ పరమాణువుల పాళ్ళు, కొలిచి శాస్త్రవేత్తలు 2000లో పేపర్ వేశారు, తూర్పు దేశాల్లో ఎక్కడో మరుగున పడిపోయిన పాత గనులవి అనుకున్న వాటిలో ఎక్కువ కొలంబియావని తేలింది, ఒకటి ఆఫ్ఘనిస్తాన్ పంజ్‌షీర్ లోయది. స్పెయిన్ వాళ్ళు దక్షిణ అమెరికాలో తవ్వి ఓడలెక్కించిన పచ్చలు దక్కన్ నవాబుల మెడలో తేలాయి. మామూలు మైక్రోస్కోప్ కింద కూడా కొలంబియా పచ్చ కొంత దొరికిపోతుంది, లోపల సన్నటి గదిలో కాస్త ద్రవం, ఒక గాలి బుడగ, ఒక బుల్లి ఉప్పు గడ్డ మూడూ కలిసి కనిపిస్తాయి, నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కళ్ళు తీయలేకపోయా.

మీ బేరానికి పనికొచ్చేది కటింగ్. వజ్రాన్ని సూటిగా పైనుంచి చూడండి, మధ్యలో చిన్న రంధ్రంలా గుండ్రంగా కనిపిస్తే అది కింద కొన తరిగి చదును చేసిన పాత కటింగ్. ఎక్కడా కొన లేకుండా పలకలా ఉంటే పోల్కీ. చక్కగా గుండ్రంగా, ఎటు తిప్పినా కొలత తప్పకుండా మెరుస్తుంటే 1919 తర్వాత స్థిరపడిన మోడ్రన్ బ్రిలియంట్. పాత కటింగ్ ఉంటే పాత నగేనా అంటే అదీ కాదు, పోల్కీ ఇవాళ్టికీ కోస్తున్నారు. కానీ కొత్త కటింగ్ రాళ్ళు పెట్టి "నా పూర్వీకులకి నిజాం ఇచ్చాడు" అంటే మాత్రం లేచి వచ్చేయండి.

నెక్లెస్ తిప్పి వెనక మీనా పని, అంటే రంగుల గాజు పూత, చూడండి. పాత మీనాలో రంగు లోతుగా ఉంటుంది, అంచుల్లో ఒంటికి రాసుకున్న చోట మాత్రమే ఊడి ఉంటుంది. కావాలని పాతగా చేసినదాంట్లో ఒంటికి తగలని మూలల్లో కూడా ఊడి ఉంటుంది. రాయి చుట్టూ మేలిమి బంగారు రేకు ఒత్తి బిగిస్తే కుందన్, గోళ్ళలాంటి సన్నటి లోహపు కొక్కేలతో పట్టుకుంటే ఆ పద్ధతి మనకి యూరప్ నుంచి వచ్చింది. ఇంకో మాట, నిజాం నగల్లో 173 వస్తువుల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకి కొని రిజర్వ్ బ్యాంక్ లాకర్లో పెట్టింది. మిగతావి ప్రపంచంలో లేవని కాదు, కానీ "నిజాం కాలంది" వేరు "నిజాం గారిది" వేరు, రెండోదానికి పాత రసీదో, ఫోటోనో, జాబితాలో ఎంట్రీనో చూపించాలి. మాట చాలదు.

ప్రశ్న: ఇంటి పునాది తీస్తుంటే మట్టి పాత్రలో గొలుసు ముక్కలు, రాళ్ళ ఉంగరాలు, కొన్ని నాణేలు దొరికాయి. ఎవరికి చూపిస్తే వయసు చెప్తారు? మా పేరు, ఊరు రాయకండి.

పేరు రాయట్లేదు, కానీ మీరు మాత్రం కలెక్టర్ గారికి రాయండి, వెంటనే. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ తారీఖున అని రాసి ఇవ్వాలి. దాచిపెడితే రావాల్సిన వాటా పోతుంది, జైలు కూడా పడొచ్చు. చెప్తే, ఆ నిధికి ఎవరూ హక్కుదారులు లేరని తేలాక, దొరికినవాళ్ళకీ స్థలం యజమానికీ వాటాలు ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది, ప్రభుత్వం తీసుకుంటే లోహం, రాళ్ళ విలువ మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. లంకెబిందెలు దొరికాయని ఊళ్ళో పొక్కకముందే ఆ పని చేయండి. అంజనం వేసి వయసు చెప్తామని వచ్చేవాళ్ళని గుమ్మం కూడా ఎక్కనీయకండి.

ఇంక వయసు సంగతి. దయచేసి కడగొద్దు. పాత్ర పగిలినా పెంకులన్నీ ఉంచండి, లోపలి మట్టి ఒక కవర్లో తీయండి, ఎంత లోతులో దొరికిందో రాసి పెట్టుకోండి, ఫోటోలు తీయండి. పురావస్తు శాఖ వాళ్ళకి ఉంగరం కంటే ఆ పెంకులు ఎక్కువ చెప్తాయి. నాణేలుండటం మీ అదృష్టం. గుంటూరు ప్రాంతంలో వినుకొండ దగ్గర దొరికిన రోమన్ బంగారు నాణేల్లో టైబీరియస్ చక్రవర్తి నుంచి కారకల్లా దాకా ఉన్నాయి, అంటే మొదటి శతాబ్దం నుంచి మూడో శతాబ్దం మొదటి వరకు. టైబీరియస్ నాణెం ఒక్కటే చూస్తే నిధిని అసలు కంటే రెండు వందల ఏళ్ళు పాతదని పొరబడతాం, కారకల్లా నాణెం ఉంది కాబట్టి పాతిపెట్టింది ఆ తర్వాతే అని తెలిసింది. ఒక్క నాణెం ఎవరికైనా అమ్మేశారంటే, అది చివరిదే అయితే, మొత్తం నిధి వయసే మారిపోతుంది.

ప్రశ్న: బంగారానికి కార్బన్ డేటింగ్ చేయిస్తే సరిపోదా? – ఇంజనీరింగ్ స్టూడెంట్, వరంగల్

బంగారంలో కార్బన్ ఎక్కడిది నాయనా! నగ లోపల నింపిన లక్కలో ఉంటుంది, పట్టుతాడులో ఉంటుంది, వాటికి చేయొచ్చు. కానీ తాడు ప్రతి తరంలో మారుస్తారు, లక్క కూడా రిపేరులో మారుతుంది. పైగా సుమారు 1650 తర్వాతి వస్తువులకి ఆ పద్ధతిలో ఒకటి కాకుండా మూడు నాలుగు కాలాలు జవాబుగా వస్తాయి, మన ఇళ్ళల్లో నగలన్నీ దాదాపు ఆ తర్వాతివే.

ప్రశ్న: మా అత్తగారి కెంపుల అడ్డిగ వందేళ్ళది. కెంపుల్ని పాలల్లో వేస్తే పాలు ఎర్రబడ్డాయి కాబట్టి అసలైనవే అంటున్నారు. – పాఠకురాలు, నెల్లూరు

ఎర్ర గాజు ముక్క వేసినా ఆ వెలుతురుకి పాలు అలాగే కనిపిస్తాయమ్మా. ఫ్రాన్సులో వెర్నాయ్ అనే ఆయన కొలిమి మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు, ఆ తర్వాత అవి మన కంసాళ్ళ దాకా కూడా వచ్చేశాయి. అందుకే వందేళ్ళ నగలో తయారీ కెంపులుండటం మోసమేం కాదు, అప్పట్లో అదో కొత్త సరుకు. లూప్, అదే నగల వాళ్ళ భూతద్దం, కింద చూస్తే వాటిలో సన్నటి వంపు గీతలు, గాలి బుడగలు కనిపిస్తాయి. గనిలో పుట్టిన కెంపులో గీతలుంటే నిటారుగా, కోణాలుగా ఉంటాయి, బర్మా కెంపులో పట్టుదారాల్లాంటి సన్నటి పోగులు కూడా ఉండొచ్చు. వెర్నాయ్ పద్ధతి కెంపు ఒక్కటి ఉన్నా నగ 1902 తర్వాతదైనా అయ్యుండాలి, లేదా ఆ ఒక్క రాయి ఊడిపోయి మార్చైనా ఉండాలి. మూడో దారి లేదు.

ఎర్రరాళ్ళ దగ్గర పెద్ద పెద్దవాళ్ళే పప్పులో కాలేశారు లెండి. 1851లో ఈస్ట్ ఇండియా కంపెనీ విక్టోరియా రాణికి ఇచ్చిన "తైమూర్ రూబీ" మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు పేర్లు చెక్కి ఉన్నాయి, తేదీలతో సహా. అది రూబీ కాదు, స్పినెల్ అనే వేరే రాయి. తైమూర్‌ది కూడా కాదని తర్వాత తేల్చారు.

ప్రశ్న: అమ్మమ్మ వడ్డాణం న్యూజెర్సీ తీసుకెళ్ళాలి. ముందు పాలిష్ చేయిద్దామా? అమ్మేమో ముట్టుకోవద్దంటోంది. – పాఠకురాలు, ఎడిసన్

రెండు విషయాలండీ. ఒకటి, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నగ పురావస్తువు కిందకి రావొచ్చు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి లేదు, సొంత అమ్మమ్మదైనా సరే. వందేళ్ళ లోపుదే అని మీకు నమ్మకం ఉంటే భారత పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి, టికెట్ బుక్ చేసుకునే ముందే, ఎయిర్‌పోర్టులో కాదు. పాత రసీదో, అమ్మమ్మ పెళ్ళి ఫోటోలో నడుము దగ్గర ఆ వడ్డాణమో కనిపిస్తే వెంట పెట్టుకెళ్ళండి.

రెండోది పాలిష్. వద్దు. కంసాలి బఫింగ్ మెషిన్ పెడితే ఉలి గీతలు, అరుగుదల, వందేళ్ళ ఆనవాళ్ళన్నీ ఒక్క పూటలో పోతాయి. కుంకుడురసంలో నానబెట్టడం కూడా వద్దు, అది రాళ్ళు లేని గొలుసులకి బాగుంటుంది గానీ, వడ్డాణంలో కెంపుల వెనక రేకు పెట్టి మూసేసి ఉంటారు, నీళ్ళు లోపలికి దిగితే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు అయిపోతుంది, మళ్ళీ తీసి కట్టించాలంటే అలా కట్టే చేతులు ఇప్పుడు తక్కువ. పొడి మెత్తటి బట్టతో తుడిచి, పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టండి. మీ అమ్మగారు చెప్పింది కరెక్టు.