చర్చి ట్రస్టుకు బ్యాంకులో నిల్వ బాగుంటే చాలా?

"మా చర్చి ట్రస్టుకు బ్యాంకులో తొమ్మిది లక్షలున్నాయని ట్రెజరర్ గారు చెబుతున్నారు, అయినా ప్రతి ఆదివారం సహాయం అడుగుతున్నారు, ఏమిటిది?" అని మీ ప్రశ్న. ఆ తొమ్మిది లక్షలు ఏయే పని కోసం ఇచ్చిన డబ్బో ముందు కనుక్కోండి.

ప్రొద్దుటూరు దగ్గర మా సంఘం ట్రస్టు లెక్కలు నేనే చూస్తాను. పేద పిల్లల ఫీజులు, విధవరాళ్లకు నెలనెలా బియ్యం, అంతే పని. నేను లెక్కలు తీసుకునేటప్పటికి పాస్‌బుక్కులో నిల్వ బాగానే ఉంది. విడదీసి చూస్తే చాలావరకు హాలు కట్టడానికని ఇచ్చిన కానుకలే. జూన్‌లో ఫీజులకు అందులోంచే తీసి, కోతపండుగ కానుకలు రాగానే పూడుస్తామనుకునేవారట. మన దగ్గర వాన ఎత్తిపోతే బుడ్డశనగ రాదు, ఇక కానుకలెక్కడివి? ఎవరూ ఒక్క రూపాయి తినలేదు, అయినా గుంత ఏటేటా పెరిగింది.

ఇంకొకటి. చాలా చర్చిల్లో జమా ఖర్చుల కాగితం ఒక్కటే చదువుతారు. వాచ్‌మన్‌కు ఆగిన జీతం, కిరాణా కొట్టు బాకీ అందులో కనిపించవు. ఆస్తులు, అప్పులు రెండూ చూపే బ్యాలెన్స్ షీటు అడగండి. కానుకలు ఆగిపోతే ఎన్ని నెలలు నడపగలరో కూడా అడగండి. ఆరు నెలలైనా నడవాలని నా లెక్క.

విదేశీ సాయం ఉంటే మరీ జాగ్రత్త. 2020లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మార్చాక ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. అంతకుముందు 50 శాతం దాకా ఉండేది. అసలు దెబ్బ ఇంకోటి: ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థ నుంచి మాకు వచ్చే వాటా అలాగే ఆగిపోయింది. మీవాళ్లు బడ్జెట్‌లో ఇంకా దాన్నే రాసుకుంటుంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

ఇవన్నీ ఆరాధన అయ్యాక లేచి అడగొద్దు, వర్గాల గొడవైపోతుంది. మూడేళ్ల ఆడిట్ కాగితాలు కావాలని కమిటీకి చీటీ రాసివ్వండి. ఈలోగా ఇవ్వాలనిపిస్తే, ఫలానా పిల్లవాడి ఫీజుకని రాసి బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ట్రస్టుకు 80జి (దాతలకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదుకు ఎలాగూ పన్ను మినహాయింపు రాదు.